తక్కువలో తక్కువ

మా బావని ఏది అడిగినా మూడు జవాబులు వచ్చేవి. సాయంత్రం ఎన్నింటికి వస్తారని అక్క ఫోన్ చేస్తే, "తక్కువలో తక్కువ ఆరవుతుంది, మామూలుగా ఏడు, ఎక్కువలో ఎక్కువ తొమ్మిది" అనేవాడు. "వచ్చినప్పుడు వస్తానని ఒక్క ముక్కలో చెప్పి ఏడవచ్చుగా" అని అక్క ఫోన్ పెట్టేసేది. ఆరుకి ముందు గానీ తొమ్మిది దాటాక గానీ ఆయన ఇల్లు చేరిన రోజు నాకు గుర్తు లేదు. నాకు ఒళ్లు మండేది కూడా అందుకే. తప్పు చెబితే నాలుగు దులపొచ్చు, ఈయన ఆ అవకాశం కూడా ఇచ్చేవాడు కాదు.

అక్కని అడగడానికి మా ఇంటికి వచ్చిన రోజునా అంతే. "మా పిల్లని బాగా చూసుకుంటావా?" అని నాన్న సూటిగా అడిగాడు. ఇంకొకడైతే పువ్వుల్లో పెట్టి చూసుకుంటానని చెప్పి పని కానిచ్చుకునేవాడు. ఈయన కాసేపు ఆలోచించి, "తక్కువలో తక్కువ, తిండికీ బట్టకీ లోటుండదండీ. మామూలుగా అయితే అందరూ ఉన్నట్టే ఉంటాం. ఎక్కువలో ఎక్కువ..." అని, తలుపు దగ్గర నిలబడ్డ అక్క వైపు చూసి ఆగిపోయాడు. ఆయన వెళ్లాక నాన్న, "వీడెవడే, గోడ మీద పిల్లిలా ఉన్నాడు" అన్నాడు. అక్క మాత్రం, "ఆ మూడోది నాకు కావాలి నాన్నా" అంది. నేనప్పుడు బడికెళ్లే పిల్లని. మూడోదంటే ఏదో తినే వస్తువనుకుని నాకూ కావాలన్నాను. ఆ మాట పట్టుకుని బావ నన్ను ఎన్నేళ్లు ఏడిపించాడో.

ఆయన ఉద్యోగమేమిటో మా వీధిలో ఎవరికీ సరిగ్గా ఎక్కలేదు. దేశం మొత్తం మీద నేల కింద గ్యాస్ ఎంత ఉండొచ్చో అంచనా కట్టే సర్కారు ఆఫీసులో జియాలజిస్టు. తవ్వేవాళ్లు వేరు, అమ్మేవాళ్లు వేరు. ఇంకా ఎవరూ తవ్వని చోట, కంటికి కనిపించని లోతులో ఎంత ఉందో, అసలు ఉందో లేదో చెప్పడం ఈయన పని. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ ఆఫీసు" అని నేనంటే, "కరెక్టే మరదలా. కాకపోతే కొడుకు అసలు పుట్టకపోయే అవకాశం ఎంతో కూడా రాసి సంతకం పెడతాం" అని నవ్వేవాడు. వాళ్లకి పిల్లలు లేరు. ఆయన అంత తేలిగ్గా అనేసరికి నేనే నాలుక కరుచుకునేదాన్ని.

ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. వంటింటి మాటల్లో చెప్పాడు. కింద పొయ్యి ఉండాలట, అంటే లక్షల ఏళ్లు వేడికి మగ్గిన రాయి. దాని మీద గిన్నె ఉండాలట, అంటే ఆ పుట్టిన గ్యాస్‌ని పట్టుకునే చిల్లుల రాయి. గిన్నె మీద మూత ఉండాలట, గాలి చొరబడని గట్టి రాయి. మూడిట్లో ఏది లేకపోయినా గ్యాస్ లేనట్టే. ఆ మూడూ ఉన్నాయో లేవో భూమిని మోగించి, కిందనుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనితో తీసిన నలుపూ తెలుపూ చారల కాగితాల్లో వెతికేవాడు. ఆ కాగితాలని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూసేవాడు.

అక్కది టైలరింగ్ షాపు. ఇంటి ముందుగది. నేను చదువు అబ్బక, ఎవరినీ చేసుకునే ఓపికా లేక, హుక్కులూ హెమ్మింగూ కుడుతూ ఆ గదిలోనే స్థిరపడ్డాను. బావకి మూడు మాటలైతే అక్కకి ఒకటే మాట: "శుక్రవారం ఇస్తా." ఎవరొచ్చినా, ఏ రోజు వచ్చినా, శుక్రవారం. ఆ శుక్రవారానికి ఒక్క బట్ట తయారైతే ఒట్టు. వీధంతా ఆమెని శుక్రవారం అక్క అనేవాళ్లు. "నువ్వు ఒక్క రోజు చెప్పి తప్పుతావు, నేను మూడు చెప్పి తప్పను" అని బావ అంటే, "మీరు చెప్పింది విని జనం ఇంటికెళ్లి తలనొప్పి మాత్ర వేసుకుంటారు, నేను చెప్పింది విని సంతోషంగా వెళ్తారు" అనేది.

దేశం అంచనా కూడా తక్కువ, మామూలు, ఎక్కువ అని మూడు అంకెల్లోనే ఉండేది. అది బయటికొచ్చినప్పుడల్లా పేపరు వాళ్లు పెద్ద అంకెని పట్టుకుని మొదటి పేజీలో వేసేవాళ్లు. మిగతా రెండూ గాలికి పోయేవి. వెంటనే మా షాపుకొచ్చే ఆడవాళ్లు, "మీ ఆయన గ్యాస్ కనిపెట్టాడటగా, సిలిండర్ ధర ఎప్పుడు తగ్గుతుంది?" అని మొదలుపెట్టేవాళ్లు. అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకునే, "కనిపెట్టలేదమ్మా, అనుమానపడ్డాడు. అనుమానపడితే జీతమిచ్చే ఉద్యోగం ఆయనది" అనేది.

అయితే షాపు విషయంలో అక్కకి ఒక్క నియమం మాత్రం ఇనుప గుగ్గిళ్లంత గట్టిది. కత్తెర పడ్డ గుడ్డకి మనం జవాబుదారీ. పడని గుడ్డ ఇంకా వాళ్లది. ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు గానీ, కోసి కుట్టకుండా వదిలితే ఆ గుడ్డ ఎవరికీ పనికిరాకుండా పోతుంది. కుట్టగలననుకుంటేనే కోసేది. మొహం వాచేలా తిట్టినా సరే, నమ్మకం కుదరకపోతే తెచ్చిన మడత తెచ్చినట్టే తిరిగి ఇచ్చేసేది.

బావ ఆఫీసు నియమం నేను కళ్లారా చూశాను. వాళ్ల మీటింగు గదికి కర్టెన్లు మేమే కుట్టాం. తగిలించడానికి నేను వెళ్లి స్టూలెక్కి ఉండగానే మీటింగు మొదలైపోయింది. దిగితే చప్పుడవుతుందని ఉన్నచోటే ఉండిపోయాను. పొడుగాటి బల్ల చుట్టూ పదిమంది. ఒక్కొక్కరూ పక్కవాళ్లకి కనపడకుండా చీటీ మీద మూడు అంకెలు రాశారు. చివర కూర్చున్న పెద్దాయన, ఆఫీసంతటికీ పెద్ద, చీటీలు విప్పి, అందరికంటే తక్కువ రాసిన మనిషినీ అందరికంటే ఎక్కువ రాసిన మనిషినీ ముందు మాట్లాడమన్నాడు. తక్కువ రాసింది ఎవరంటే మా బావే. "ఆశని అంకెలో కలపకూడదు" అన్నాడు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషి అక్కడ ఎంత నిబ్బరంగా మాట్లాడాడో చూసి నాకే గర్వమేసింది.

ఆ తర్వాత జరిగింది నాకింకా బాగా గుర్తుంది. వాళ్లలో ఒకతను లేచి నిలబడ్డాడు. కిందటిసారి అతను చెప్పిన చోట తవ్వితే, అతని తక్కువ అంకె కంటే కూడా తక్కువ వచ్చిందట. అలా తప్పినవాళ్లు అందరి ముందూ లేచి ఎందుకు తప్పిందో చెప్పాలి. చెబుతున్నంతసేపూ ఎవరూ మధ్యలో మాట్లాడకూడదు. ఓదార్చకూడదు, దెప్పకూడదు. "మూత ఉందనుకున్నాను. పగిలి ఉంది. గ్యాస్ ఎప్పుడో పోయింది. పగులు కాగితంలో కనిపిస్తూనే ఉంది, నేను చూడలేదు" అని అతను కూర్చున్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ ఒకే మాట అన్నారు: "విన్నాం." అంతే, పని ముందుకెళ్లింది. బావకి తన సర్వీసులో అలా లేవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదని తర్వాత తెలిసింది.

ఒకరోజు షాపులో కూర్చుని బావ ఇంకో సంగతి చెప్పాడు. దేశం తక్కువ అంకె కావాలంటే, ఒక్కో చోటి తక్కువ అంకెలన్నీ కూడేస్తే సరిపోదట. ఎందుకంటే అన్ని చోట్లా ఒకేసారి దురదృష్టం రాదు. ఒకచోట పోతే ఇంకోచోట దొరుకుతుంది.

"ఎందుకు రాదు?" అంది అక్క. "కరెంటు పోయిందంటే మిషనూ ఆగుతుంది, ఇస్త్రీ పెట్టే ఆగుతుంది, ఆ చీకట్లో సూది కూడా కనపడదు. మా షాపులో ఒకటి పోతే అన్నీ పోతాయి."

"అవన్నీ ఒకే తీగ మీద ఉన్నాయోయ్. అది వేరే లెక్క. ఏవి ఒకే తీగ మీద ఉన్నాయో చూసుకోవడమే మా పనిలో మొదటి పాఠం."

"చూసుకోండి మరి" అని అక్క మిషను స్విచ్చి వేసింది.

అక్కకి కడుపులో నొప్పి మొదలైనప్పుడు వంగి కుట్టడం వల్లనుకున్నాం. టైలర్లకి నడుమూ కడుపూ పోతాయని అందరూ అంటారు. మనిషి సగమయ్యాక గానీ ఆస్పత్రికి రాలేదు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు బావని ఒక్కడినే లోపలికి పిలిచాడు. మేమిద్దరం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. అద్దం తలుపులోంచి బావ కనిపిస్తున్నాడు. స్కాన్ ఫిల్ములు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుగుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆ రెండో కన్ను కూడా మూసుకున్నాడు.

బయటికి వచ్చాక అక్క అడిగింది.

"ఏమన్నాడు?"

"తగ్గిపోతుంది" అన్నాడు బావ.

"ఎన్నాళ్లకి?"

"తగ్గిపోతుందిలే."

అక్క బెంచీ మీంచి లేచింది. నాకైతే ప్రాణం లేచొచ్చింది. ఆటోలో ఇంటికెళ్లేదాకా వాగుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున షాపు తెరిచేసరికి అక్క బీరువాలోంచి బట్టలన్నీ దింపి నేల మీద రెండు కుప్పలు పోసింది. ఒకటి చిన్నది, ఇంకొకటి నడుమెత్తు. పెద్ద కుప్ప చూపించి, "వీటికి కత్తెర పడలేదు. ఎవరివి వాళ్లకి ఇచ్చేసి రా" అంది.

"నీకేమైనా పిచ్చా? బావ తగ్గిపోతుందన్నాడుగా!"

"అందుకే ఇచ్చెయ్యమంటున్నా."

నాకు అర్థం కాలేదు. అక్క నా మొహం చూసి కింద కూర్చుంది. "ఒసే మొద్దూ. పెళ్లయినప్పటి నుంచీ ఆ మనిషి నాకు ఏ ప్రశ్నకైనా ఒక్క జవాబు చెప్పాడా? టీలో పంచదార ఎంత అంటే కూడా మూడు రకాలు చెబుతాడు. నిన్న ఒకటే చెప్పాడు. నాలాగా చెప్పాడే. శుక్రవారం ఇస్తా అన్నట్టు చెప్పాడు." అంటూ నవ్వబోయింది, నోరు వంకర తిరిగి ఏడుపైపోయింది. నేను అక్కని పట్టుకుని ఆ గుడ్డల మీదే కూలబడ్డాను. అంత ఏడుపు నాలో ఉందని నాకే తెలియదు.

ఏడ్చి తేరుకున్నాక, ముందు బావని అడగాలంటూ, సాయంత్రం ఆయన వచ్చేదాకా అక్క ఆ కుప్పలని కదపనివ్వలేదు. ఆయన గడప దాటగానే ఎదురుగా నిలబడింది.

"ఇవి కోసినవి. ఇవి కోయనివి. ఎన్ని కోయాలో నాకు తెలియాలి. మీ మూడూ చెప్పండి."

బావ చేతిసంచి బల్ల మీద పెట్టాడు. "డాక్టరు చెప్పాడు కదోయ్, తగ్గి..."

"డాక్టర్ని అడగలేదు. మిమ్మల్ని అడిగాను. ఊళ్లోవాళ్ల భూములకి చెబుతారు, నాకు చెప్పరా?"

ఆయన అప్పటికప్పుడు చెప్పలేదు. ఆ వారమంతా సెలవు పెట్టి ఇంకో ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తిరిగాడు. ఫిల్ములు ముందేసుకుని కూర్చున్నాడు. తిండి మీద ధ్యాస లేదు, గడ్డం మాసిపోయింది. ఆఖరికి షాపులోకి వచ్చి, కొలతలిచ్చేవాళ్లు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు.

"తక్కువలో తక్కువ మూడు నెలలు" అన్నాడు. "మామూలుగా ఎనిమిది. ఎక్కువలో ఎక్కువ రెండేళ్లు."

ఆ మూడు మాటలూ చెప్పేసరికి మనిషి చెమటతో తడిసిపోయాడు. అక్క మొహం మాత్రం తేటపడింది. నిజం, ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె మొహంలో కళ రావడం అదే మొదలు.

"మూడోది నాది" అంది. "మీ పేపరు వాళ్ల లాగా నేనూ పెద్దదే పట్టుకుంటా."

బావ తల పైకెత్తలేదు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

అక్క లేచి పెట్టె అడుగు నుంచి ఒక చొక్కా గుడ్డ తీసింది. నీలం గళ్లది. ఎప్పుడో రాళ్ల పని మీద వెళ్లినప్పుడు బావ కొనుక్కొచ్చి, కుట్టిపెట్టమని ఇచ్చాడు. అందరికీ చెప్పినట్టే ఆయనకీ శుక్రవారం అంది. వచ్చినవాళ్ల పని ముందు, ఇంట్లో మనిషిది తర్వాత అంటూ ఏళ్లు గడిపేసింది. టైలరు మొగుడై ఉండీ ఆయన జన్మంతా రెడీమేడ్ చొక్కాలే వేసుకున్నాడు. ఆ గుడ్డని బల్ల మీద పరిచి, సుద్దముక్కతో గీసి, "నిలబడండి, కొలత తీసుకోవాలి" అంది.

"నా కొలత నీకు తెలియదా?"

"లావయ్యారేమో చూడాలిగా. నా మీద బెంగతో చిక్కారేమో కూడా చూడాలి."

టేపుతో భుజాలు కొలిచింది, ఛాతీ కొలిచింది. కొలవడం అయిపోయాక కూడా టేపు తియ్యలేదు. తర్వాత కత్తెర వేసింది. మిగతావాళ్ల గుడ్డలన్నీ నేను ఇంటింటికీ తిరిగి ఇచ్చేశాను. చిన్న కుప్ప ఇద్దరం కలిసి పూర్తి చేశాం. ఇక ఆ చొక్కా ఒక్కటే మిగిలింది.

రెండేళ్లున్న మనిషిలా తీరిగ్గా కుట్టింది. కాలరు రెండుసార్లు విప్పి కుట్టింది. నేను సాయం చేస్తానని చెయ్యి పెడితే, "ముట్టుకున్నావంటే వేళ్లు విరగ్గొడతా. శుక్రవారం ఇస్తానని ఆయనతో చెప్పాను" అంది. ఏ శుక్రవారమో చెప్పలేదు.

తర్వాత ఒక్కసారిగా అన్నీ మొదలయ్యాయి. కళ్లు పచ్చబడ్డాయి. కాళ్లలో నీరు చేరింది. ఊపిరి అందకుండా పోయింది. ఒకటి సర్దుకుంటుందనుకునేలోగా ఇంకోటి. బావ మంచం పక్కన కూర్చుని, "ఇవన్నీ ఒకేసారి ఎలా..." అని డాక్టర్ని అడుగుతూ ఉండేవాడు. ఆ డాక్టరు చూసీ చూడనట్టు వెళ్లిపోయేవాడు. రెండో నెల నిండకుండానే అక్క పోయింది. బావ చెప్పిన తక్కువలో తక్కువ దాకా కూడా రాలేదు.

చొక్కాకి కాలరు అయింది. ఒక చెయ్యి కుట్టడం అయింది. రెండోది గుండుసూదులతో పట్టి ఉంది. కాజాలు పడాల్సిన చోట సుద్దతో గీసి ఉంది.

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయ్యాక, ఒక మధ్యాహ్నం పెద్దాయన వచ్చాడు, ఆ కర్టెన్ల రోజు చీటీలు విప్పినాయన. దేశం అంచనా మళ్లీ మొదలవుతోందని, బావ లేకపోతే కుదరదని చెప్పడానికి వచ్చాడు. బావ ఆయన్ని ముందుగదిలోనే కూర్చోబెట్టాడు. నేను టీ ఇచ్చి, మిషను పక్కన నిలబడ్డాను. హ్యాంగరుకి ఆ సగం కుట్టిన చొక్కా వేలాడుతోంది.

ఉన్నట్టుండి బావ లేచి నిలబడ్డాడు. చేతులు రెండూ పక్కలకి పెట్టి, తిన్నగా నిలబడ్డాడు. టీ కప్పు నోటి దాకా తీసుకెళ్లిన పెద్దాయన దాన్ని కింద పెట్టేశాడు. ఆయనకి అర్థమైంది. నాకూ అర్థమైంది.

"నా తక్కువ అంకె తప్పింది" అన్నాడు బావ. గొంతు ఆఫీసు గొంతు. "మూడు నెలలన్నాను, అన్ని రోజులు రాలేదు. కారణాలు రెండు. కాలేయం వేరు, ఊపిరితిత్తులు వేరు, రక్తం వేరు అని విడివిడిగా లెక్కకట్టాను. అన్నీ ఒకేసారి చెడవనుకున్నాను. అన్నీ ఒకే తీగ మీద ఉన్నాయి. ఆమె నాకు చెప్పింది కూడా. నేను చూడలేదు."

అక్కడ ఆగాడు. గొంతులోంచి ఆఫీసు పోయింది.

"రెండోది, డాక్టర్లు ముగ్గురూ నెలే అన్నారు. ఆ నెలని నేను మూడు చేశాను. చెయ్యి దానంతటదే రాసింది. నేను... ఆమె ఉండాలనుకున్నాను. ఆశని అంకెలో కలిపాను. దాన్ని నమ్మి ఆమె గుడ్డ కోసింది."

వెళ్లి పట్టుకోవాలనిపించింది. ఏడవకండి బావా, మీ తప్పేముంది అనాలనిపించింది. నోట్లో నువ్వుగింజ నానని దాన్ని, మిషను అంచు పట్టుకుని నోరు మూసుకున్నాను. చెబుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. ఓదార్చకూడదు.

బావ కూర్చున్నాడు. కొలతలిచ్చేవాళ్ల స్టూలు మీద.

"విన్నాం" అన్నాడు పెద్దాయన.

బావ నా వైపు చూశాడు. ఆ బల్ల దగ్గర అందరూ అనాలి కదా, ఆఖరి మనిషి దాకా.

"విన్నాం బావా" అన్నాను.